క్షేత్ర ప్రయోగ దత్తాంశాల విశ్లేషణలో ‘ఆర్’ ప్యాకేజీల ఇన్‌స్టలేషన్, బిల్డ్ దోషాలు: నిర్ధారణ, సవరణ

ఉపోద్ఘాతం

కర్నూలు, నంద్యాల, వైఎస్సార్ కడప జిల్లాల నల్లరేగడి నేలల్లో శనగ పంట రబీలో, నేలలో నిలిచిన తేమపై ఆధారపడి పండుతుంది. అక్కడ వేసిన రకాల ప్రయోగం నుంచి లభించే దిగుబడి వివరాలు ఆ ఒక్క సంవత్సరపు వర్షానికి, ఆ ఒక్క సంవత్సరపు బెట్టకు మాత్రమే సాక్ష్యాలు. ప్రయోగాన్ని మరుసటి ఏడాది మళ్లీ వేయవచ్చు కాని ఆ ఏడాది వాతావరణాన్ని మళ్లీ పొందలేము. 1906లో ఏర్పడిన నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వెలువడిన ఎన్‌బీఈజీ 47 శనగ, ఎస్ఐఏ 3085 కొర్ర వంటి రకాల వెనుక ఇటువంటి ప్రయోగాల పరంపర ఉన్నది. కావున చేతికందిన దత్తాంశాలను సకాలంలో, సక్రమంగా విశ్లేషించడం క్షేత్రంలోని పనికి ఏ మాత్రమూ తీసిపోని బాధ్యత.

ఈ విశ్లేషణకు నేడు విస్తృతంగా వినియోగిస్తున్న ఉచిత గణాంక సాధనం ‘ఆర్’. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీనిని రూపొందించారు. దీని 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైనది. ప్రయోగ రచనకు, సగటుల పోలికకు ‘అగ్రికోలే’, జన్యు వనరుల పరిశీలనకు జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసిన ‘ఆగ్మెంటెడ్‌ఆర్‌సీబీడీ’, ఉపగ్రహ చిత్రాలకు, నేల పటాలకు ‘టెర్రా’, ‘ఎస్ఎఫ్’ వంటి అనుబంధ ప్యాకేజీలు ఉన్నవి.

అయితే విద్యార్థి గాని, విస్తరణ శాస్త్రవేత్త గాని తొలుత ఎదుర్కొనే అడ్డంకి గణాంకం కాదు, ఈ ప్యాకేజీలు కంప్యూటర్‌లోకి చేరకపోవడం. ఎర్ర అక్షరాల దోష సందేశం కనిపించగానే అంతా తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఎవరో సూచించిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా నడపడం సాధారణంగా జరుగుతున్నది. పైరుపై మచ్చ కనిపించగానే తెగులేదో నిర్ధారించకుండా మందు పిచికారీ చేయడం వంటిదే ఇది. ఈ దోషాలను ఒక క్రమంలో నిర్ధారించి, అవసరమైన మేరకే సవరించి, సవరణ తరువాత ఫలితాన్ని సరిచూసే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్యాకేజ్ మేనేజర్ చేసే పని

ప్యాకేజీలు ‘క్రాన్’ అనే కేంద్ర భాండారంలోను, వివిధ దేశాల్లోని దాని ప్రతిబింబ సర్వర్లలోను నిల్వ ఉంటాయి. ‘ఇన్‌స్టాల్ ప్యాకేజెస్’ ఆదేశం ఇచ్చినపుడు ఆర్ ఐదు పనులు వరుసగా చేస్తుంది. మొదటిది, భాండారపు సూచికను తెచ్చుకొని కోరిన ప్యాకేజీ ఉన్నదో లేదో చూడడం. రెండవది, ఆ ప్యాకేజీ ఏ ఇతర ప్యాకేజీలపై ఆధారపడి ఉన్నదో లెక్కించడం. మూడవది, వాటిని దిగుమతి చేసుకోవడం. నాల్గవది, అవసరమైతే కంపైల్ చేయడం. ఐదవది, లైబ్రరీ ఫోల్డర్‌లో అమర్చి, తెరుచుకొంటున్నదో లేదో పరీక్షించడం. ఏ దోషమైనా ఈ ఐదు దశల్లో ఏదో ఒక దానికి చెందినదై ఉంటుంది. దశ తెలిస్తే సగం నిర్ధారణ పూర్తయినట్లే.

ప్యాకేజీ రెండు రూపాల్లో లభిస్తుంది. సోర్స్ రూపం కొర్ర గింజల వంటిది, బైనరీ రూపం పొట్టు తీసిన కొర్ర బియ్యం వంటిది. బియ్యం నేరుగా వండుకోవచ్చు. గింజలకు పొట్టు తీసే యంత్రం కావాలి. సి, సి++, ఫోర్ట్రాన్ భాషల్లో రాసిన భాగాలున్న సోర్స్ ప్యాకేజీలకు కంపైలర్ ఆ యంత్రం. విండోస్, మ్యాక్ కంప్యూటర్లకు క్రాన్ బైనరీలను అందిస్తుంది. లైనక్స్‌లో మాత్రం క్రాన్ నుంచి సోర్స్ రూపమే వస్తుంది. కావున ఒకే ప్యాకేజీ ఆచార్యుని విండోస్ కంప్యూటర్‌లో నిమిషంలో చేరి, విద్యార్థి ఉబుంటు కంప్యూటర్‌లో ఆగిపోవడం వింత కాదు.

దోష సందేశాన్ని చదివే పద్ధతి

ఇన్‌స్టలేషన్ విఫలమైనపుడు చివరి వరుసలో ‘నాన్-జీరో ఎగ్జిట్ స్టేటస్’ అనే మాట కనిపిస్తుంది. పని పూర్తి కాలేదని తప్ప ఇది మరేమీ చెప్పదు. ఆకు పసుపు బారినదన్న సమాచారం ఎంత ఉపయోగమో ఇదీ అంతే. ముదురాకులు ముందుగా పసుపు బారితే నత్రజని లోపాన్ని, లేత ఆకులు బారితే ఇనుప ధాతు లోపాన్ని అనుమానిస్తాము. అదే విధంగా ఇక్కడ దోషం మొదట ఎక్కడ కనిపించినదన్నదే ముఖ్యం.

కావున సందేశాన్ని చివరి నుంచి పైకి చదువుతూ వెళ్లి, ‘ఎర్రర్’ అనే పదం మొట్టమొదట వచ్చిన వరుసను పట్టుకోవాలి. పది ప్యాకేజీలు వరుసగా విఫలమైనట్లు కనిపించినా, తరచుగా వాటన్నింటికీ ఆధారమైన ఒక్క ప్యాకేజీ విఫలమై ఉంటుంది. ఆ ఒక్కదానిని విడిగా ఇన్‌స్టాల్ చేస్తే అసలు కారణం స్పష్టమవుతుంది. సహాయం కోరేటపుడు చివరి వరుస ఫోటో మాత్రమే పంపడం వలన ప్రయోజనం లేదు. పూర్తి సందేశంతో పాటు, ‘సెషన్ ఇన్ఫో’ ఆదేశం చూపే ఆర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, తెరిచి ఉన్న ప్యాకేజీల వివరాలను కూడా పంపాలి.

దిగుమతి దశలోని దోషాలు

‘కెనాట్ ఓపెన్ యూఆర్ఎల్’, ‘అనేబుల్ టు యాక్సెస్ ఇండెక్స్’ అనే సందేశాలు సర్వర్ అందలేదని తెలుపుతాయి. ముందుగా ప్రతిబింబ సర్వర్‌ను మార్చి చూడాలి. కార్యాలయ నెట్‌వర్క్‌లో ప్రాక్సీ ఉన్నచో దాని చిరునామాను ఆర్‌కు తెలియజేయాలి. అదే కంప్యూటర్‌ను మొబైల్ ఇంటర్నెట్‌కు కలిపి చూస్తే లోపం కార్యాలయ నెట్‌వర్క్‌లో ఉన్నదో, కంప్యూటర్‌లో ఉన్నదో తేలుతుంది.

దిగుమతి సగంలో ఆగి ‘టైమౌట్’ అని వస్తే కారణం వేరు. ఒక ఫైలు దిగుమతికి ఆర్ సహజంగా అనుమతించే సమయం 60 సెకన్లు. సెకనుకు 2 మెగాబిట్ల వేగం గల కనెక్షన్‌పై 30 మెగాబైట్ల ప్యాకేజీ రావడానికి 120 సెకన్లు పడుతుంది. అంటే ఇంటర్నెట్ సక్రమంగా పనిచేస్తున్నా పెద్ద ప్యాకేజీ ఎన్నిసార్లు ప్రయత్నించినా రాదు. ‘ఆప్షన్స్’ ఆదేశం ద్వారా టైమౌట్ విలువను 600కు పెంచితే ఈ సమస్య తీరుతుంది. పట్టణానికి దూరంగా ఉన్న కేంద్రాల్లో తొలుత చేయవలసిన సవరణ ఇదే.

‘నాట్ అవైలబుల్ ఫర్ దిస్ వెర్షన్ ఆఫ్ ఆర్’ అనే సందేశానికి ప్రధానంగా నాలుగు కారణాలు ఉన్నవి. 1) ప్యాకేజీ పేరులో అక్షర దోషం. ఆంగ్లంలో పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా దోషమే. 2) ఆ ప్యాకేజీకి మరింత కొత్త ఆర్ అవసరం. 3) అది క్రాన్‌లో కాక, జన్యు సమాచార ప్యాకేజీల నిలయమైన ‘బయోకండక్టర్’లో ఉండడం. 4) దానిని క్రాన్ నుంచి తొలగించి పాత ప్యాకేజీల విభాగంలో చేర్చడం.

నాల్గవ కారణానికి ముఖ్యమైన ఉదాహరణ పటాల తయారీకి చిరకాలం వాడిన ‘ఆర్‌జీడాల్’, ‘ఆర్‌జియోస్’, ‘మ్యాప్‌టూల్స్’. ఈ మూడూ 2023 అక్టోబరులో విరమించబడినవి. పాత సిద్ధాంత వ్యాసాల నుంచి తీసుకొన్న ప్రోగ్రామ్‌లు నేడు ఇక్కడే ఆగిపోతాయి. పాత ప్యాకేజీని బలవంతంగా కంపైల్ చేసే ప్రయత్నం కంటే ప్రోగ్రామ్‌ను ‘ఎస్ఎఫ్’, ‘టెర్రా’లకు మార్చుకోవడమే శాశ్వత పరిష్కారం.

అమరిక దశలోని దోషాలు

‘లిబ్ ఈజ్ నాట్ రైటబుల్’ అనే సందేశం ఫోల్డర్‌లో రాసే అనుమతి లేదని తెలుపుతుంది. కళాశాల ప్రయోగశాలల్లోని ఉమ్మడి కంప్యూటర్లలో ఇది సహజం. అడ్మినిస్ట్రేటర్ హక్కులు కోరనవసరం లేదు. వ్యక్తిగత లైబ్రరీ ఏర్పరచాలా అని ఆర్ అడిగినపుడు అంగీకరిస్తే సరిపోతుంది. ప్యాకేజీలు ఏ ఫోల్డర్లలో వెతకబడుతున్నవో ‘లిబ్ పాత్స్’ ఆదేశం చూపుతుంది.

ఆర్‌ను 4.3 నుంచి 4.4కు మార్చిన తరువాత పాత ప్యాకేజీలన్నీ మాయమైనట్లు కనిపించడం లోపం కాదు. ఇటువంటి ప్రతి వెర్షన్‌కు వ్యక్తిగత లైబ్రరీ వేరుగా ఉంటుంది. పాత లైబ్రరీని నకలు చేయక, ప్యాకేజీలను కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే క్షేమం.

ఇన్‌స్టలేషన్ జరుగుతుండగా విద్యుత్ సరఫరా నిలిచిపోతే లైబ్రరీలో ‘00లాక్’ అనే పదంతో మొదలయ్యే ఫోల్డర్ మిగిలిపోతుంది. తదుపరి ప్రయత్నంలో ‘ఫెయిల్డ్ టు లాక్ డైరెక్టరీ’ అని వస్తుంది. ఆర్ కిటికీలన్నీ మూసి, ఆ ఒక్క ఫోల్డర్‌ను తొలగించి మళ్లీ ప్రయత్నిస్తే చాలు. ఆర్‌ను తొలగించవలసిన పని లేదు.

‘నేమ్‌స్పేస్ ఆల్రెడీ లోడెడ్’, లేదా ఒక ప్యాకేజీ పాత వెర్షన్ తెరిచి ఉండగా కొత్తది అవసరమన్న సందేశం వస్తే, పాత వెర్షన్ ఇంకా మెమరీలో ఉన్నదని అర్థం. ఆర్‌ను మూసి, తిరిగి తెరిచి, ఏ ప్యాకేజీనీ పిలవకముందే ఇన్‌స్టాల్ చేయాలి.

ఫోల్డర్ పేర్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. గ్రామాల పేర్లు, రైతుల పేర్లు తెలుగులో నమోదు చేసే విస్తరణ సర్వేలకు 2022 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్ 4.2 మేలు చేసినది. విండోస్‌లో యూటీఎఫ్-8 లిపి సంకేతాన్ని అది సహజ సంకేతంగా స్వీకరించినది. అంతకు ముందటి వెర్షన్లలో తెలుగు అక్షరాలు చెదిరిపోయే అవకాశం ఎక్కువ. దత్తాంశాల్లో తెలుగు ఉండవచ్చు కాని, ప్యాకేజీలు బిల్డ్ చేసే ఫోల్డర్ దారిలో తెలుగు అక్షరాలు, ఖాళీలు లేకుండా చూసుకోవడం నేటికీ మంచిది.

బిల్డ్ దశలోని దోషాలు

విండోస్‌లో కొన్నిసార్లు బైనరీ కంటే సోర్స్ వెర్షన్ కొత్తదని, దానిని కంపైల్ చేయాలా అని ఆర్ అడుగుతుంది. కొత్తదే మేలనుకొని ‘అవును’ అనడంతో చాలా బిల్డ్ దోషాలు మొదలవుతాయి. ప్రత్యేక అవసరం లేనపుడు ‘కాదు’ అని సమాధానమిచ్చి బైనరీని స్వీకరించడం సరైన పద్ధతి.

కంపైల్ చేయడం తప్పనిసరి అయితే ‘ఆర్‌టూల్స్’ అవసరం. ఇది ప్యాకేజీ కాదు, వేరుగా స్థాపించవలసిన సాఫ్ట్‌వేర్. ఆర్ వెర్షన్‌కు సరిపోయే ఆర్‌టూల్స్ ఉండాలి. ఆర్ 4.0, 4.1 వెర్షన్లకు ఆర్‌టూల్స్ 40, 4.2కు 42, 4.3కు 43, 4.4కు 44, 4.5కు 45 వాడాలి. జత కుదరకపోతే కంపైలర్ ఉన్నా అది కనబడదు, లేదా చివరి దశలో విఫలమవుతుంది.

లైనక్స్‌లో బిల్డ్ దోషాలకు ముఖ్య కారణం ఆర్‌కు బయట ఉండే సిస్టమ్ లైబ్రరీలు. ‘ఎస్ఎఫ్’ ఇన్‌స్టాల్ చేసేటపుడు ‘జీడాల్-కాన్ఫిగ్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. పటాల సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్న కంప్యూటర్‌లోనే ఈ సందేశం రావడం విద్యార్థులను కలవరపెడుతుంది. సున్నం అధికంగా ఉన్న నేలలో వేరుశనగ లేత ఆకులు పాలిపోవడానికి కారణం చాలావరకు నేలలో ఇనుము లేకపోవడం కాదు, ఉన్న ఇనుము మొక్కకు అందే రూపంలో లేకపోవడం. ఇక్కడి స్థితి కూడా అంతే. నడవడానికి కావలసిన జీడాల్ ఉన్నది, కంపైలర్‌కు కావలసిన హెడర్ ఫైళ్లు లేవు. ఉబుంటులో ఆ ఫైళ్లు ‘డెవ్’ అనే తోకగల ప్యాకేజీల్లో ఉంటాయి. ఎస్ఎఫ్‌కు లిబ్‌జీడాల్-డెవ్, లిబ్‌జియోస్-డెవ్, లిబ్‌ప్రోజ్-డెవ్, లిబ్‌యుడ్యునిట్స్2-డెవ్ అవసరం. ‘ఎక్స్ఎంఎల్2’ ప్యాకేజీకి లిబ్‌ఎక్స్ఎంఎల్2-డెవ్, ‘ఓపెన్ఎస్ఎస్ఎల్’ ప్యాకేజీకి లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ కావాలి. వీటిని ఆర్ నుంచి కాక, సిస్టమ్ ప్యాకేజ్ మేనేజర్ అయిన ‘ఆప్ట్’ ద్వారా స్థాపించాలి.

కంపైల్ మధ్యలో ‘కిల్డ్’ అనే ఒక్క మాటతో పని ఆగిపోతే తరచుగా కారణం మెమరీ చాలకపోవడం. ఇతర కార్యక్రమాలను మూసి, ఒకేసారి నడిచే కంపైల్ పనుల సంఖ్యను ఒకటికి తగ్గించాలి. పాజిట్ సంస్థ నిర్వహిస్తున్న పబ్లిక్ ప్యాకేజ్ మేనేజర్ ఉబుంటు వంటి లైనక్స్ వ్యవస్థలకు కూడా సిద్ధ బైనరీలను అందిస్తుంది. పాత, చిన్న కంప్యూటర్లున్న చోట దానిని భాండారంగా ఎంచుకోవడం ఉత్తమం.

పైథాన్ వాడేవారికీ ఈ సూత్రాలే వర్తిస్తాయి. అక్కడ ప్యాకేజ్ మేనేజర్ ‘పిప్’, బైనరీ రూపం ‘వీల్’. ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్’ అని వస్తే పేరును సరిచూసి, ఆ పైథాన్ వెర్షన్‌కు ప్యాకేజీ విడుదలైనదో లేదో పరిశీలించాలి. విండోస్‌లో ‘విజువల్ సి++ అవసరం’ అని వస్తే వీల్ దొరకక సోర్స్ కంపైల్‌కు దిగినదని గ్రహించాలి. కొత్త ఉబుంటులో ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అన్న హెచ్చరిక వస్తే దానిని బలవంతంగా దాటక, ప్రతి ప్రాజెక్టుకు వేరుగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఏర్పరచాలి.

దోష సందేశం లేని మార్పులు

ఇన్‌స్టలేషన్ సఫలమైనంత మాత్రాన ఫలితం సరైనదని భావించరాదు. ఆగిపోయే ప్రోగ్రామ్ తన లోపాన్ని తానే చెబుతుంది. ఆగకుండా వేరొక సమాధానమిచ్చే ప్రోగ్రామ్ వలన కలిగే నష్టం ఎక్కువ. దోషాన్ని తొలగించడానికి ఆర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినపుడు ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. రెండు ఉదాహరణలు గమనించదగినవి.

మొదటిది యాదృచ్ఛిక ఎంపిక. 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 3.6.0లో ‘శాంపిల్’ ఆదేశం సంఖ్యలను ఎన్నుకొనే పద్ధతి మారినది. పాత వెర్షన్‌లో ఒక ‘సీడ్’ సంఖ్యతో తయారైన మళ్ల పటాన్ని కొత్త వెర్షన్‌లో అదే సీడ్‌తో మళ్లీ తయారు చేస్తే వేరొక పటం రావచ్చు. పొలంలో పాతిన లేబుళ్లకు, కంప్యూటర్ చూపే పటానికి పొంతన లేకపోతే ఒక రకం దిగుబడి మరొక రకం ఖాతాలో చేరుతుంది. ఏ దోష సందేశమూ రాదు. కావున విత్తే నాటికే మళ్ల పటాన్ని ముద్రించి ప్రయోగ పుస్తకంలో అతికించాలి, సీడ్ సంఖ్యను మాత్రమే నమ్ముకోరాదు.

రెండవది పాఠ్య రూపంలోని వరుసల స్వీకరణ. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ 4.0.0 నుంచి, ఫైలులోని పేర్లు సహజంగా ఫ్యాక్టర్లుగా మారడం ఆగిపోయినది. ఫ్యాక్టర్ స్థాయిలపై ఆధారపడి రాసిన పాత ప్రోగ్రామ్‌లు ఆగిపోవచ్చు, లేదా కొన్ని పనులను చేయకుండానే ముందుకు సాగవచ్చు. చికిత్సల వరుసను ప్రోగ్రామ్‌లోనే స్పష్టంగా ఫ్యాక్టర్‌గా ప్రకటిస్తే ఏ వెర్షన్‌లోనైనా ఇబ్బంది ఉండదు. చికిత్సలకు 1, 2, 3 అని సంఖ్యలు వేసినపుడు ఈ ప్రకటన మరింత అవసరం, లేనిచో ఆర్ వాటిని పరిమాణాలుగా భావిస్తుంది.

దీనిని పట్టుకొనే సులభ మార్గం స్వేచ్ఛాంశాలను చూడడం. 8 రకాలు, 3 పునరావృతాల యాదృచ్ఛిక ఖండ రచనలో మొత్తం స్వేచ్ఛాంశాలు 23. అందులో రకాలకు 7, పునరావృతాలకు 2, దోషానికి 14 రావాలి. రకాల ఎదుట 1 కనిపిస్తే ఫలితాన్ని అక్కడే నిలిపివేయాలి. ప్రతి విభాగం చేతితో లెక్కించి సరిచూసిన ఒక పాత ప్రయోగ దత్తాంశాన్ని ప్రమాణంగా ఉంచుకొని, ప్రతి కొత్త ఇన్‌స్టలేషన్ తరువాత దానిని నడిపి చూడాలి. తూకపు యంత్రాన్ని తెలిసిన బరువుతో సరిచూడడం వంటిదే ఈ పరీక్ష.

స్థానిక భాండారం, వెర్షన్ల నమోదు

ఇంటర్నెట్ మందకొడిగా ఉన్న కేంద్రాల్లో ప్రతి కంప్యూటర్‌కు విడివిడిగా దిగుమతి చేయడం వృథా. వేగవంతమైన కనెక్షన్ ఉన్న ఒక చోట, ‘ప్యాకేజ్ డిపెండెన్సీస్’ ఆదేశంతో అవసరమైన ఆధార ప్యాకేజీలన్నింటినీ లెక్కించి, ‘డౌన్‌లోడ్ ప్యాకేజెస్’ ఆదేశంతో బైనరీలను ఒక ఫోల్డర్‌లోకి తీసుకోవాలి. ‘రైట్ ప్యాకేజెస్’ ఆదేశంతో వాటికి సూచిక తయారు చేస్తే ఆ ఫోల్డర్ చిన్న భాండారంగా మారుతుంది. పెన్‌డ్రైవ్‌లో గాని, స్థానిక నెట్‌వర్క్‌లో గాని ఉంచి మిగిలిన కంప్యూటర్లన్నింటికీ వాడవచ్చు. ఆధార ప్యాకేజీలను మరచి ప్రధాన ప్యాకేజీని మాత్రమే తీసుకువెళ్లడం, వేరొక ఆర్ వెర్షన్ బైనరీలను తీసుకువెళ్లడం ఇందులో సాధారణంగా జరిగే పొరపాట్లు.

విత్తన సంచికి లాట్ సంఖ్య, పరీక్ష తేదీ ఉన్నట్లే విశ్లేషణకు వెర్షన్ల చీటీ ఉండాలి. ‘ఆర్ఎన్వ్’ ప్యాకేజీ ప్రతి ప్రాజెక్టులోని ప్యాకేజీల పేర్లు, వెర్షన్లను ఒక లాక్ ఫైలులో నమోదు చేస్తుంది. మరొక కంప్యూటర్‌లో ‘రిస్టోర్’ ఆదేశంతో అవే వెర్షన్లను తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే రెండు పరిమితులు గుర్తుంచుకోవాలి. లాక్ ఫైలు ఆర్ వెర్షన్‌ను నమోదు చేస్తుందే తప్ప దానిని స్థాపించదు. క్రాన్‌లో పాత వెర్షన్లు సోర్స్ రూపంలోనే నిల్వ ఉంటాయి కావున వాటికి తగిన ఆర్‌టూల్స్ అవసరం కావచ్చు. బయటి సేవలపై పూర్తిగా ఆధారపడడం కూడా క్షేమం కాదు. పాత తేదీల ప్యాకేజీలను అందించిన ‘ఎంరాన్’ సేవ 2023 జూలైలో మూతపడడంతో దానిని నమ్ముకొన్న ప్రోగ్రామ్‌లు నిరుపయోగమైనవి. లాక్ ఫైలుతో పాటు ప్యాకేజీ ఫైళ్ల నకలును కూడా విభాగంలో భద్రపరచడం దీనికి విరుగుడు.

ముగింపు

ఇన్‌స్టలేషన్ విఫలమైనపుడు పాటించవలసిన క్రమం ఇది: మొదటి ‘ఎర్రర్’ వరుసను గుర్తించాలి. అది దిగుమతి, అమరిక, బిల్డ్ దశల్లో దేనికి చెందినదో నిర్ణయించాలి. ఆ దశకు తగిన ఒక్క సవరణ చేసి మళ్లీ ప్రయత్నించాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసినదో తెలియదు, ఇది చికిత్సలను కలిపివేసిన ప్రయోగం వంటిది. సఫలమైన తరువాత ప్రమాణ దత్తాంశంతో సరిచూసి, వెర్షన్లను నమోదు చేయాలి.

నంద్యాల, కడప, మహానంది ప్రాంతాల విద్యార్థులు సిద్ధాంత వ్యాసాల్లో నేల రకం, వర్షపాతం, విత్తిన తేదీ వంటి వివరాలను శ్రద్ధగా రాస్తారు. ఆర్ వెర్షన్, ప్యాకేజీల వెర్షన్లు ఆ వివరాల పక్కనే రెండు వరుసల్లో చేరాలి. బెట్ట సంవత్సరంలో నిలిచిన ఒక రకాన్ని రైతుకు సిఫారసు చేయడానికి ఆధారమైన అంకెలు, పదేళ్ల తరువాత మరొకరు లెక్కించినా అవే రావాలి.